బస్తీల్లో గర్భిణుల షుగర్ మీద సర్వే చేయబోతున్నాం, ఏం అడగాలి?

తార్నాక_వాసు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది చిన్న బృందం. అడ్డగుట్ట, బోరబండ, పాతబస్తీ శివారు కాలనీలు, కోకాపేట వైపు కూలీల షెడ్లు తిరిగి ఒక అధ్యయనం చేద్దామనుకుంటున్నాం. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ ఎవరిలో ముందుగా బయటపడుతోంది, ఎవరిలో పడటం లేదు, కాన్పు తర్వాత మళ్లీ పరీక్షకు ఎవరొస్తున్నారు అన్నది చూడాలి.

ఈ ఆలోచనకు మూలం డెట్రాయిట్. జాతుల మధ్య ఆరోగ్యంలో ఉన్న తేడాలు తగ్గించాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1999లో ‘రీచ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. డెట్రాయిట్‌లోని నల్లజాతి, లాటినో పేటల్లో అక్కడి మనుషులకే శిక్షణ ఇచ్చి షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లకు పంపారు. ఆరు నెలల్లో సగటు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే రక్త పరీక్ష) 8.6 నుంచి 7.7కు దిగింది. అదే ఊళ్లో లాటినో గర్భిణులకు పేట ఆడవాళ్లే తరగతులు నడిపిన ఇంకో అధ్యయనం ఉంది. అందులో తిండిలో చక్కెర, కొవ్వు తగ్గాయి, కూరగాయలు పెరిగాయి, దిగులు కూడా కాస్త తగ్గింది.

ప్రశ్నావళి సిద్ధం. 64 ప్రశ్నలు. వచ్చే నెలలో మొదలుపెడదామని ఉంది. ఇందులో ఏం తక్కువైంది, ఏం ఎక్కువైంది చెప్పండి.

నస్రీన్_చంచల్‌గూడ | సోమవారం, రాత్రి 9:47

వాసు గారూ, 64 ప్రశ్నలు అడిగేలోపు పొయ్యి మీద అన్నం మాడిపోతుంది.

ముందు నాదొక ప్రశ్న. ఆ ప్రశ్నలు రాసేటప్పుడు ఆ బస్తీల నుంచి ఒక్కరైనా మీతో కూర్చున్నారా? డెట్రాయిట్ వాళ్ల ఫలితాలు మీరు చెప్పారు. వాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో అది చెప్పలేదు. ఏం పరిశోధించాలన్న దగ్గరి నుంచే పేటవాళ్లు బల్ల దగ్గర ఉండాలన్నది ఆ పద్ధతికి ఆయువుపట్టు. మీ ప్రశ్నావళి తార్నాకలో పుట్టి బోరబండకు బస్సెక్కుతోంది. అలాంటి సర్వేలు మేం మస్తు చూశాం. వస్తారు, రాసుకుంటారు, పోతారు. ఏం తేలిందో మళ్లీ ఎవరూ వచ్చి చెప్పరు.

ఇంకోటి, రంజాన్ నెల చూసుకోండి. గర్భిణులకు రోజా (ఉపవాసం) నుంచి మినహాయింపు ఉంది. అయినా చాలామంది ఉంటారు. గ్లూకోజ్ నీళ్లు తాగితే రోజా పోతుంది కాబట్టి ఆ నెలలో పరీక్ష పడితే ‘పండగ తర్వాత చూద్దాం’ అంటారు. పండగయ్యేసరికి పరీక్షకు గడువైన 28 వారాలు దాటిపోతాయి. హైదరాబాద్ జిల్లాలో 2011 లెక్కల ప్రకారమే ముస్లింలు 43 శాతానికి పైన. ఇది ఎక్కడో మూల విషయం కాదు.

ఆశక్క_బోరబండ | సోమవారం, రాత్రి 10:20

నేను ఆశా వర్కర్‌ని. పరీక్ష ఎట్లా జరుగుతుందో తెలియకుండా ప్రశ్నలు రాస్తే లాభం లేదు, అందుకే చెప్తున్నా.

75 గ్రాముల గ్లూకోజ్ పొడిని 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. ఐదు, పది నిమిషాల్లో తాగెయ్యాలి. తిని వచ్చినా సరే, పరగడుపున వచ్చినా సరే. రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 గానీ, ఆపైన గానీ వస్తే షుగర్ కింద లెక్క. మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఒకసారి, అప్పుడు బాగుంటే 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి.

చెప్పుకోవడానికి తేలికే. ఆ నీళ్లు ఎంత తీపంటే సగం గ్లాసుకే మొహం తిప్పేస్తారు. మా బస్తీ గర్భిణులు కొంగున నిమ్మకాయ కట్టుకుని వచ్చి గుక్కకోసారి వాసన చూస్తుంటారు. అరగంటలోపు కక్కితే ఆ రోజు పరీక్ష పోయినట్టే, మర్నాడు మళ్లీ రావాలి. నాలుగు ఇళ్లలో అంట్లు తోమే పిల్లకు మళ్లీ రెండు గంటలు ఎక్కడివి? అపార్ట్‌మెంట్ మేడమ్ జీతం కోస్తుంది. ఇక నల్లా వచ్చే రోజైతే పిలవనే వద్దు, ఒక్కరూ రారు. నీళ్లు పట్టుకోకపోతే ఇంట్లో యుద్ధమే.

‘పరీక్షకు ఎందుకు రాలేదు’ అని అడిగితే ‘తెలియదు’ అంటారు. ‘ఆ రోజు నల్లా వచ్చిందా’ అని అడగండి, అప్పుడు చెప్తారు.

పప్పుచారు | సోమవారం, రాత్రి 10:31

అక్కా, నీ పోస్ట్ ఒక్కటి చాలు, ఆ 64 ప్రశ్నలు చింపెయ్యొచ్చు.

గణాంకాల_గోపి | మంగళవారం, ఉదయం 7:05

చింపాల్సిన పని లేదు గానీ, సర్వే ఒక్కటే చేస్తే ఏం తేలుతుందో నాకు తెలియడం లేదు. షుగర్ కేసులు ఎక్కువున్నాయని మళ్లీ ఒకసారి తేలుతుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఇండియాబ్ సర్వే 2023లో చెప్పనే చెప్పింది, దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం, పెద్దవాళ్లలో 11.4 శాతం. ఏం చేస్తే తగ్గుతుందన్నదే అసలు ప్రశ్న.

దానికి ఆధారాలు మన చుట్టుపక్కలే ఉన్నాయి, డెట్రాయిట్ దాకా పోనక్కర్లేదు. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ సంస్థ మహిళా బృందాలను నెలనెలా కూర్చోబెట్టి, సమస్య ఏంటో వాళ్ల చేతే తేల్చి, పరిష్కారం వాళ్ల చేతే వెతికించింది. అక్కడివాళ్లలో ఆదివాసీలే ఎక్కువ. మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయని 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత ఆశాలే ఆ సమావేశాలు నడిపినప్పుడు కూడా 31 శాతం తగ్గాయి.

షుగర్ మీదైతే బంగ్లాదేశ్‌లోని ఫరీద్‌పూర్ అధ్యయనం చూడండి, 2019. 96 ఊళ్లను మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరుగా నెలనెలా సమావేశాలు. ఇంకో భాగంలో వారానికి రెండుసార్లు ఫోన్‌కు వాయిస్ మెసేజ్‌లు. మూడోది యథాతథం. సమావేశాలు జరిగిన ఊళ్లలో షుగర్, దాని ముందు దశ బాగా తగ్గాయి. ఫోన్ మెసేజ్‌లు విన్నవాళ్లకు షుగర్ గురించి తెలివిడి పెరిగింది, రక్తంలో షుగర్ మాత్రం కదల్లేదు. యాప్ చేద్దామని ఎవరైనా అంటే ఆ పేపర్ ముందు పెట్టండి.

అయితే ఇవన్నీ పల్లెల ఫలితాలు. ముంబై మురికివాడల్లో ఇలాంటి మహిళా బృందాలతోనే పెద్ద ట్రయల్ చేశారు, 2012లో వచ్చింది. తల్లీబిడ్డల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. హైదరాబాద్ ముంబైకి దగ్గరా, ఫరీద్‌పూర్‌కు దగ్గరా? వాసు గారు దీనికి జవాబు చెప్పి ముందుకు పోవాలి.

లెస్టర్_లక్ష్మి | మంగళవారం, మధ్యాహ్నం 1:40

మాది వనస్థలిపురం, ఇప్పుడు ఉండేది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో. ఇక్కడ నాకు కడుపు అని తెలిసి మొదటిసారి వెళ్తే మిడ్‌వైఫ్ నా బరువు, మా అమ్మకు షుగర్ ఉందా అని అడిగి, ‘కుటుంబ మూలం: దక్షిణాసియా’ అన్న గడిలో టిక్ పెట్టింది. అంతే, 24 వారాల తర్వాత గ్లూకోజ్ పరీక్షకు అపాయింట్‌మెంట్ వచ్చేసింది. వైద్యానికి ప్రమాణాలు పెట్టే ఇక్కడి ‘నైస్’ సంస్థ మార్గదర్శకాల్లో అదొక రిస్క్ కింద లెక్క. బరువు కొలమానం కూడా మనకు వేరు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23 దాటగానే జాగ్రత్త అంటారు.

మొదట చిరాకేసింది, నా ఒంటిని చూడకుండా నా మూలం చూస్తున్నారేంటని. కానీ ఆ గడి ఉంది కాబట్టే ఈ దేశంలో కాన్పుల్లో చనిపోయే నల్లజాతి, ఆసియా తల్లులు తెల్లవాళ్ల కంటే ఎక్కువని ఏటా నివేదికల్లో బయటపడుతోంది. గడి లేకపోతే అందరూ ఆ సగటులో కలిసిపోయేవాళ్లు. అయితే గడిలో టిక్ పెట్టినంత మాత్రాన మర్యాద పెరగదు. మా మిడ్‌వైఫ్ ఇచ్చిన డైట్ షీట్‌లో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ ఉన్నాయి గానీ జొన్నరొట్టె లేదు.

ఎవరికైనా_చెప్పొచ్చా | మంగళవారం, సాయంత్రం 6:15

సరే, మరి మన దగ్గర ఏ గడి పెడతారు? కులమా, మతమా, భాషా? ఆస్పత్రిలో కూడా ఇవన్నీ అడిగి మనుషుల్ని విడదీయడం అవసరమా? రోగం అందరికీ ఒకటే కదా.

నిర్వాహకులు | మంగళవారం, రాత్రి 8:02

ఒక వర్గాన్ని కించపరిచిన వ్యాఖ్యను, దానికి వచ్చిన జవాబులను తొలగించాం. విషయం మీద మాట్లాడండి.

నస్రీన్_చంచల్‌గూడ | మంగళవారం, రాత్రి 8:50

రోగం ఒకటే, డాక్టర్ దాకా పోయే దారి ఒకటి కాదు.

సగటు ఎంత మాయ చేస్తుందో చూడండి. 2018-20 లెక్కల్లో బతికి పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, దేశంలో 97, అస్సాంలో 195. మనం బాగున్నాం, కాదనను. కానీ ఆ 43లో దేవరకొండ తండా ఎంత, చాంద్రాయణగుట్ట ఎంత, ఇటుక బట్టీ ఎంత? ఆ సంఖ్య చూసి చెప్పలేం. అడగకపోతే తేడా లేకుండా పోదు, కనపడకుండా పోతుంది అంతే.

అయితే అడిగే తీరు ఉంటుంది. కులం, మతం వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, పేర్లు తీసేస్తారా లేదా, ఏ బస్తీ ఫలితం అని పేపర్లో వేస్తారా... ఇవి ముందే చెప్పాలి. ‘ఫలానా బస్తీ ఆడవాళ్లు శుభ్రత లేనివాళ్లు’ అని ఒక్క హెడ్డింగ్ వచ్చిందంటే మళ్లీ మమ్మల్నే అంటారు. వాసు గారూ, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకున్నారా? ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో సముదాయాన్ని కలుపుకోవడం గురించి ఉంది, ఒకసారి చదవండి.

సైట్_ఇంజనీర్_రాజు | మంగళవారం, రాత్రి 10:11

కోకాపేట గురించి నేను చెప్తా. మా సైట్‌లో ఒడియా, ఛత్తీస్‌గఢ్, బిహార్ కుటుంబాలు ఉంటాయి. స్లాబ్ పని అయిపోతే రాత్రికి రాత్రి ఇంకో సైట్‌కు లారీ ఎక్కిస్తారు. ఆరు నెలలు ఒకే చోట ఉండే గర్భిణి నాకు కనిపించలేదు. మీరు మొదటిసారి రాసుకున్న మనిషి రెండోసారి దొరకదు. తల్లీబిడ్డల కార్డు ఉంటే ఒడిశాలో నుయాపాడలోనో, బలంగీర్‌లోనో ఉంటుంది. ఇక్కడి ఆశా లిస్ట్‌లో ఆమె పేరే ఉండదు.

కాంట్రాక్టర్‌ను అడిగితే ‘ఆడవాళ్లు లేరు సార్’ అంటాడు. ఆదివారం పొద్దున పదకొండుకు రండి, అందరూ షెడ్ల బయట బట్టలు ఉతుక్కుంటూ ఉంటారు.

పోషకాహారం_పద్మ | బుధవారం, ఉదయం 9:30

నేను డైటీషియన్‌ని. అన్నం సంగతి ఎవరూ ఎత్తలేదేంటి?

షుగర్ అని తేలితే మొదట రెండు వారాలు తిండి మార్చి చూడాలి. అప్పటికీ తిన్న రెండు గంటలకు 120 గానీ, ఆపైన గానీ వస్తుంటే మందు లేదా ఇన్సులిన్. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ఇవే. మరి ‘అన్నం తగ్గించమ్మా’ అని చెప్పే ఇంట్లో ఏముంటుంది? మనిషికి 6 కిలోల రేషన్ బియ్యం. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. ఉచితంగా వచ్చే సన్నబియ్యం ఇంట్లో పెట్టుకుని జొన్నలు కొనుక్కోమంటే ఎవరు వింటారు? నేనైతే కంచం చూపించి చెప్తాను. అన్నం గరిటె ఒకటి తగ్గించు, ముందు కూర, పప్పు తిను, అన్నం తర్వాత. ఇరానీ చాయ్ మానమని చెప్పను, చక్కెర తక్కువ వేయించుకోమంటాను. చాయ్ మానమంటే మళ్లీ రారు.

అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. అదే కంచాన్ని పాఠంగా మార్చొచ్చు. విడిగా క్లాసు పెడితే ఎవరికి తీరిక?

ఈ కంచం మహత్తు మన ఊరి వెనకాలే తేలింది. 1987-90 మధ్య ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు హైదరాబాద్ దగ్గర రంగారెడ్డి జిల్లా పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందిన 15 ఊళ్లను, అందని 14 ఊళ్లను పోల్చారు. ఆ పిల్లలకు పదహారేళ్లు వచ్చాక చూస్తే, ఆహారం అందిన ఊళ్లవాళ్లలో ఇన్సులిన్ నిరోధకత (ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం) 20 శాతం తక్కువ ఉంది. తల్లి కంచంలో పెట్టింది బిడ్డ రక్తంలో పదహారేళ్లకు లెక్క తేలింది. డెట్రాయిట్ గొప్పదే వాసు గారూ, కానీ మీ తార్నాకలోనే ఉన్న సంస్థ చేసిన పని మీ పోస్ట్‌లో లేకపోవడం నాకు వింతగా ఉంది.

తార్నాక_వాసు | బుధవారం, మధ్యాహ్నం 12:18

పద్మ గారూ, ఆ అధ్యయనం కొనసాగింపు గురించి తెలుసు, ఇక్కడికి జోడించాలన్న ఆలోచన రాలేదు. ధన్యవాదాలు. నస్రీన్ గారూ, అనుమతికి దరఖాస్తు పెట్టాం, ఇంకా రాలేదు. అది రాకుండా ఒక్క ఇంటికీ వెళ్లం.

కాన్పు తర్వాతి సంగతి ఎవరైనా చెప్తారా? ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల పరీక్ష చేయాలని నియమం. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత అసలు మధుమేహం వచ్చే అవకాశం రానివాళ్ల కంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువని పెద్ద విశ్లేషణలు చెప్తున్నాయి. అంత ముఖ్యమైన పరీక్షకు ఎవరూ రావడం లేదని విన్నాను.

ఆశక్క_బోరబండ | బుధవారం, మధ్యాహ్నం 2:05

ఎట్లా వస్తారు సార్, ఆమె ఇక్కడ ఉంటే కదా! ఏడో నెలలో పుట్టింటికి పోతుంది. మొదటి కాన్పయితే మరీ. మూడో నెలకో, ఐదో నెలకో బిడ్డతో తిరిగొస్తుంది. ఆ ఆరు వారాలప్పుడు ఆమె నారాయణపేట్‌లో ఉంటుంది, నా లిస్ట్‌లో ఉంటుంది, అక్కడి ఆశా లిస్ట్‌లో ఉండదు.

ఇక్కడే ఉన్నా బాలింతను ఎవరు బయటకు పంపుతారు? చలిగాలి తగలకూడదని చెవుల్లో దూది పెట్టి కూర్చోబెడతారు. బిడ్డ పుట్టింది, షుగర్ పోయింది అనుకుంటారు. ఇన్సులిన్ ఆపేశారు కాబట్టి రోగం కూడా ఆగిపోయినట్టే లెక్క.

కానీ బిడ్డకు ఆరు వారాల టీకా మాత్రం ఎవరూ మానరు. పుట్టింట్లో ఉన్నా సరే తీసుకుపోతారు.

గైనిక్_పీజీ | బుధవారం, రాత్రి 11:50

డ్యూటీలో ఉన్నా, క్లుప్తంగా. ఆశక్క చెప్పిన చివరి మాటే అసలైనది. తల్లి పరీక్షను బిడ్డ టీకా రోజుకు కట్టాలని ప్రపంచ స్థాయి నిపుణులు కూడా అంటున్నారు. టీకా తర్వాత ఎలాగూ అరగంట కూర్చోబెడతారు.

‘రెండు గంటలు ఎందుకు, హెచ్‌బీఏ1సీ తీస్తే పోలా’ అని ఎవరైనా అంటారు, ముందే చెప్తున్నా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5లో తెలంగాణ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత. పైగా కాన్పులో రక్తం పోతుంది. ఆ సమయంలో హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టిస్తుంది.

గణాంకాల_గోపి | గురువారం, ఉదయం 6:55

అరగంటకు, రెండు గంటలకు మధ్య గంటన్నర తేడా ఉంది డాక్టర్ గారూ. ఏడుస్తున్న బిడ్డతో ఆ గంటన్నర ఎక్కడ కూర్చుంటుంది? కుర్చీ ఉందా, పాలివ్వడానికి చాటు ఉందా? భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో గర్భంలో షుగర్ వచ్చిన తల్లులను కాన్పు తర్వాత బృందాలుగా కూర్చోబెట్టి జీవనశైలి మార్చాలని ‘లివింగ్’ అనే ట్రయల్ చేశారు, 2022లో వచ్చింది. చెప్పుకోదగ్గ ప్రయోజనం కనపడలేదు. మధ్యలో కరోనా కూడా వచ్చిందనుకోండి.

కాబట్టి నా పందెం ఇది. పాఠాలు తర్వాత. ముందు ఒకటి రెండు టీకా కేంద్రాల్లో చాటు, కుర్చీ, గ్లూకోజ్ పెట్టి, పక్క కేంద్రాల్లో పెట్టకుండా, ఎంతమంది పరీక్ష పూర్తి చేశారో పోల్చండి. ఎవరు పూర్తి చేయలేదో భాష వారీగా, సముదాయం వారీగా చూడండి. తేడా అక్కడ దొరుకుతుంది.

నస్రీన్_చంచల్‌గూడ | గురువారం, ఉదయం 8:20

గోపి గారితో మొదటిసారి ఒప్పుకుంటున్నా. పాఠాలు తర్వాత అన్నది మాత్రం ఒప్పుకోను. ఫరీద్‌పూర్‌లో పనిచేసింది పాఠం కాదు, ఆడవాళ్లు కూర్చుని ‘మన సమస్య ఏంటి’ అని తేల్చుకోవడం. కుర్చీ కావాలో, ఆటో డబ్బులు కావాలో, అత్తకు చెప్పే మనిషి కావాలో వాళ్లే చెప్పనివ్వండి. మీరు కుర్చీ అని ముందే తేల్చేశారు.

ఆశక్క_బోరబండ | గురువారం, ఉదయం 8:41

కుర్చీ కావాలి మేడమ్, అది నేనే చెప్తున్నా. కానీ ఈ సమావేశాలు, రిజిస్టర్లు, టీకా రోజు పక్కన నిలబడటం అన్నీ ఆశానే చేస్తుందని అందరూ రాసేస్తారు. నెలకు 18 వేలు ఫిక్స్‌డ్ జీతం ఇవ్వమని మేం రోడ్డెక్కి ఎన్నాళ్లయింది? మీ బడ్జెట్‌లో ఫారం ప్రింటింగ్‌కు పైసలు ఉంటాయి, మాకు ఉండవు.

తార్నాక_వాసు | గురువారం, రాత్రి 9:30

అన్నీ చదివాం, మా వాళ్లందరికీ పంపాను. మారిన సంగతులు చెప్తాను.

పాత ప్రశ్నావళి పక్కన పెట్టాం. మొదటి రెండు నెలలు సర్వే లేదు. నాలుగు చోట్లా తెలుగు, ఉర్దూ, లంబాడీ, ఒడియా మాట్లాడేవాళ్లతో వేర్వేరుగా కూర్చుంటాం, ఏం అడగాలో అక్కడే తేలుతుంది. ఉర్దూ, ఒడియా మాట్లాడేవాళ్లను మాతో పాటు జీతానికి తీసుకుంటాం. ఆశాల సమయానికి, సమావేశాలకు వచ్చే ఆడవాళ్ల పోయిన కూలికి బడ్జెట్‌లో వేరే పద్దు పెడుతున్నాం. ఫండ్ ఇచ్చేవాళ్లు గొణిగారు, గొణగనివ్వండి. కోకాపేట సైట్లలో ఒకే మనిషిని మళ్లీమళ్లీ కలిసే పద్ధతి కుదరదని రాజు గారి మాటతో తేలింది. అక్కడ ఒక్కసారే కలిసి కార్డు ఉందా, పరీక్ష జరిగిందా అని చూసి, లేకపోతే అదే రోజు చేయించే ఏర్పాటు చూస్తాం.

టీకా రోజు ఆలోచన రెండో దశకు పెట్టుకున్నాం. బోరబండలో మొదలుపెట్టొచ్చా అక్కా? వచ్చే శనివారం వచ్చి కేంద్రం చూడాలని ఉంది.

ఆశక్క_బోరబండ | గురువారం, రాత్రి 9:58

బుధవారం, శనివారం టీకాలు ఉంటాయి సార్, నేను తలెత్తలేను. చూడాలంటే ఆ రోజే రండి, రద్దీ తెలుస్తుంది. మాట్లాడాలంటే శుక్రవారం మూడింటి తర్వాత రండి. మా వీధిలో శుక్రవారం నల్లా ఉండదు.